పిక్కలు వేసవిలో, వాయిదా ప్రతి సోమవారం

ప్రశ్న: మాది కాశీబుగ్గకు దగ్గర్లోని పల్లె. ఎనిమిదేళ్లుగా ఇంటి దగ్గరే జీడిపిక్కలు కాల్చి, కొట్టించి, పప్పు తీసి శ్రీకాకుళం స్వీటు దుకాణాలకు అమ్ముతున్నాను. నిరుడు 35 బస్తాలు ఆడించాను. వేసవిలో 15 బస్తాలు కొన్నాను, బస్తా పది వేలు పడింది. మిగతా ఇరవై దసరా ముందు రెండు, మూడు చొప్పున షావుకారు దగ్గర పన్నెండు వేలకు తెచ్చాను. నా భర్త ఆటో నడుపుతారు, మాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరిదీ కలిపితే నెలకు 22 వేలు వస్తాయి. డ్వాక్రా అప్పుకు నెలకు 3,200 కడుతున్నాను. మైక్రోఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకున్న 60 వేలకు ప్రతి సోమవారం 910 చొప్పున 78 వారాలు కట్టాలి. సంక్రాంతి ముందు సరుకు కోసం డైలీ ఫైనాన్స్‌లో 20 వేల నోటు రాశాను. చేతికి 18 వేలు ఇచ్చారు, రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి, నలభై రోజులు అయ్యాయి. ఇప్పుడు ఇంకో కంపెనీ ఏజెంటు వచ్చి, మీ రికార్డు బాగుంది, 80 వేలు ఇస్తాం, వారానికి 1,215 కడితే చాలు అంటున్నాడు. తీసుకుని ఏప్రిల్‌లో పిక్కలు ఎక్కువగా కొనమని నా భర్త అంటారు. బట్టీ మూసేసి విశాఖపట్నం వచ్చేయమని మరిది అంటాడు. ఎనిమిదేళ్లుగా ఒక్క వాయిదా తప్పలేదు. అయినా నా సొంత డబ్బు అరవై వేలు దాటలేదు. ఇలాంటి చిన్న అప్పులతో వ్యాపారం ఎన్నాళ్లు నిలుస్తుంది?

సమాధానం:

అమ్మా, ఆ 80 వేలు తీసుకోవద్దు. బట్టీ కూడా మూయవద్దు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఏజెంటు మళ్లీ వచ్చేలోపు మీరు ఈ జవాబు చివరి దాకా చదువుతారో లేదో నాకు తెలియదు.

మీ ఉత్తరంలో అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూశాను. ఎనభై కిలోల బస్తాకు ఇరవై కిలోల పప్పు వస్తుందనుకుందాం. గుళ్లు, బద్దలు, ముక్కలు అన్నీ కలిపి కిలో సగటున 750 పలికితే 15 వేలు. కట్టెలు, కొట్టే కూలి, పొట్టు తీసే కూలి రెండు వేలు. వేసవిలో పది వేలకు కొన్న బస్తాను దసరా దాకా ఉంచగలిగితే మూడు వేలు మిగలాలి. మీరు ఉంచలేదు. వాయిదాలు కట్టాలి కాబట్టి జూన్‌లోనే పప్పు తీసి, వచ్చిన ధరకు ఇచ్చి ఉంటారు. తొందరలో అమ్మేవాళ్లకు కిలోకు నలభై రూపాయలు తగ్గించి ఇవ్వడం మన దగ్గర మామూలే. అంటే బస్తాకు ఎనిమిది వందలు, పదిహేను బస్తాలకు 12 వేలు. తర్వాత కొన్న ఇరవై బస్తాలకు బస్తాకు రెండు వేలు ఎక్కువ పెట్టారు, అది 40 వేలు. మొత్తం 52 వేలు. మైక్రోఫైనాన్స్ అప్పుకు మీరు ఏడాదిన్నరలో కట్టే వడ్డీ అంతా కలిపితే 11 వేలకు కొంచెం తక్కువే. వడ్డీ కన్నా దాదాపు అయిదు రెట్లు వాయిదా తేదీలు తినేశాయి. నిరుడు బట్టీ మీద మీకు మిగిలింది ఏ 53 వేలో అయి ఉంటుంది. మిగలవలసింది లక్షా అయిదు వేలు.

అప్పు చేసి పప్పు కూడు అంటారు. మీరు చేస్తున్నది పప్పు చేసి అప్పుకు పెట్టడం.

సొంత డబ్బు ఎనిమిదేళ్లలో ఎందుకు పెరగలేదో కూడా ఇందులోనే ఉంది. చిన్న అప్పు అన్నదాంట్లో చిన్నది మొత్తం మాత్రమే కాదు, గడువు కూడా. మీ సరుకు పిక్కగా కొన్న రోజు నుంచి పప్పుగా అమ్ముడై డబ్బు చేతికి వచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది. అప్పు మాత్రం ఏడో రోజు నుంచే వెనక్కి వెళ్లిపోతుంది. మొదటి వారాల వాయిదాలు మీరు లాభంలోంచి కట్టడం లేదు, లాభం అప్పటికి పుట్టనే లేదు. తెచ్చిన అప్పులోంచే అప్పు కడుతున్నారు. మూడో నెలకు చేతిలో సరుకూ ఉండదు, డబ్బూ ఉండదు, ఇంకో అప్పు ఉంటుంది. సంక్రాంతి ముందు డైలీ ఫైనాన్స్ గుమ్మం ఎక్కింది అందుకే. మీ క్రమశిక్షణలో లోపం ఉండి కాదు.

వారం వాయిదా చెడ్డదని నేను అనను. టెక్కలి సంతలో దుప్పట్లు అమ్మే ఒకాయనకు నేను బ్యాంకు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వారం వాయిదా మీదే అప్పు ఇచ్చాను. ఆయన సంతనాడు అమ్మేవాడు, సంత మర్నాడు కట్టేవాడు. సరుకు వయసు ఏడు రోజులు, అప్పు వయసూ ఏడు రోజులే. టిఫిను బండికీ కూరగాయల తట్టకూ అది సరిపోతుంది. జీడిపిక్కకు సరిపోదు.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మీ పలాస వైపే ఒక చిన్న బట్టీకి అప్పు మంజూరు చేశాను. మర్నెల నుంచే వాయిదా పెట్టాను, అప్పటి ఫారంలో అలాగే ఉండేది. ఆ ఇంటావిడ ఒక్క నెల కూడా తప్పకుండా కట్టింది. రెండేళ్లకు ఖాతా మూసింది, బట్టీ కూడా మూసింది. నేను మాత్రం ఆ ఏడాది వసూళ్ల పట్టికలో ఆ ఖాతాను గర్వంగా చూపించాను. అప్పు ఇచ్చినవాడి పుస్తకంలో విజయం అంటే వాయిదా అందడం. ఆ వాయిదా లాభంలోంచి వచ్చిందా, పిక్కలు తెగనమ్మితే వచ్చిందా, ముక్కుపుడక కుదువ పెడితే వచ్చిందా అన్న గడి ఆ పట్టికలో ఉండదు. మీ రికార్డు బాగుంది అన్న ఏజెంటు అబద్ధం చెప్పలేదు. అది అతని రికార్డు, అంతే.

నా అనుభవం ఒక్కటే చాలదని అనుకుంటే, పెద్దవాళ్లు చేసిన పరిశీలనలు ఉన్నాయి. తర్వాత 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఇంకొందరితో కలిసి 2005 నుంచి హైదరాబాద్‌లో 104 బస్తీలను చూశారు. చీటీ వేసినట్టు సగం బస్తీలను ఎంచి, ముందు వాటిలోనే మైక్రోఫైనాన్స్ శాఖలు తెరిపించారు. అప్పు దొరికిన చోట కొత్త వ్యాపారాలు కొన్ని పుట్టాయి గాని, సగటు ఇంటి ఖర్చూ పిల్లల చదువూ మారలేదు. అంతకుముందే వ్యాపారం ఉన్నవాళ్లు మాత్రం పెట్టుబడి పెంచుకోగలిగారు, వాళ్లలోనూ లాభం గట్టిగా పెరిగింది అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిమందికే. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆర్డినెన్స్ వచ్చి ఆ కంపెనీల వసూళ్లు ఒక్కసారిగా ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత వెళ్లి చూసినా ఆ పాత వ్యాపారస్తుల మెరుగుదల నిలిచే ఉందట. మీరు ఎనిమిదేళ్ల పాత వ్యాపారి. కాబట్టి అప్పు మీకు పనికివచ్చే వస్తువే, దాన్ని చూసి భయపడవద్దు.

నాకు ఇంకా నచ్చింది కోల్‌కతాలో చేసిన పరీక్ష. ఒకే సంస్థ, ఒకే రకం అప్పు. కొందరికి మొదటి వాయిదా రెండు వారాలకు పెట్టారు, కొందరికి రెండు నెలలకు. మూడేళ్ల తర్వాత చూస్తే రెండు నెలల వెసులుబాటు దొరికినవాళ్ల లాభం స్పష్టంగా ఎక్కువ. ఆ కాస్త వ్యవధిలో వాళ్లు వెంటనే డబ్బు కాని వస్తువులు కొనగలిగారు. అయితే వాళ్లలో ఎగవేతలూ పెరిగాయి. అదీ చెప్పాలి. కంపెనీలు వారం వాయిదాను ఎందుకు వదలవో దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ఆ ఏజెంటు సంగతి. అతను కాగితంలో మీ ఇంటి ఆదాయం ఎంత రాశాడో ఒకసారి చూడండి. 25 వేలు రాసి ఉంటాడని నా అనుమానం. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తనఖా లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ అప్పు. నెలకు 25 వేలు అంటే సరిగ్గా మూడు లక్షలు. అన్ని అప్పుల వాయిదాలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని కూడా అందులోనే ఉంది. 25 వేలలో సగం 12,500. మీ డ్వాక్రా 3,200, ఇప్పటి కంపెనీకి నెలకు సుమారు 3,940, ఇతని కొత్త వాయిదా నెలకు 5,260. మొత్తం 12,400, గీతకు వంద రూపాయలు ఇవతల. చూశారా ఎంత ముచ్చటగా సరిపోయిందో! 80 వేలే ఎందుకు, 90 ఎందుకు ఇవ్వడు అని మీరు ఆలోచించి ఉండరు. మీ నిజమైన 22 వేలతో లెక్కేస్తే హద్దు 11 వేలే. డైలీ ఫైనాన్స్ ఆరు వేలు అతని కంప్యూటర్‌లో కనిపించవు. అవి కూడా కలిపితే 22 వేలలో 18,400 వాయిదాలకే పోతాయి. మిగిలిన 3,600తో మీ నలుగురికి బియ్యం, పిల్లల ఫీజులు, ఆటో రిపేర్లు. అతను ఆ ఇల్లు నడపడు.

ఇప్పటి కంపెనీ అప్పును మాత్రం అలాగే కట్టుకుంటూ పోండి. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదని అవే ఆదేశాల్లో ఉంది, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఆ హక్కు వాడుకోండి. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదని కూడా రాసి ఉంది.

ముందు వదిలించుకోవాల్సింది డైలీ ఫైనాన్స్. 18 వేలకు రెండు వేలు, అంటే పదకొండు శాతమేగా అనిపిస్తుంది. కాని ఆ 18 వేలు మీ దగ్గర వంద రోజులు ఉండవు, మొదటి రోజు నుంచే తరిగిపోతూ సగటున యాభై రోజులు ఉంటాయి. యాభై రోజులకు పదకొండు శాతం అంటే ఏడాదికి ఎనభై. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే. మూడు రూపాయల వడ్డీ తీసుకునే షావుకారును ఊరంతా తిట్టుకుంటాం, ఇతన్ని మాత్రం రోజూ గుమ్మంలో టీ ఇచ్చి కూర్చోబెడతాం. ఇంకా అరవై రోజులు, 12 వేలు ఉన్నాయి. డెబ్బయ్యో రోజు దాటాక అతను నోటు తిరగరాద్దాం అంటాడు. పాత బాకీ కోసుకుని కొత్త నోటు ఇస్తాడు. అక్కడ మాత్రం ఒప్పుకోకండి. తిరగరాసిన ప్రతిసారీ మీరు ఇంకా వాడని డబ్బుకు మళ్లీ కోత పడుతుంది. ఏప్రిల్ లోపల ఆ నోటు చింపించండి.

మరి ఏప్రిల్‌లో పిక్కలకు డబ్బు ఎక్కడిది? మీ ఉత్తరంలో లేని ఒక ప్రశ్న అడుగుతాను. శ్రీకాకుళం స్వీటు దుకాణాల్లో మీకు రావలసిన అరువు ఎంత? మీ తీరు వ్యాపారుల్లో ముప్ఫై, నలభై వేలు బయట ఉండని వాళ్లను నేను చూడలేదు. అరువు ఇవ్వడమూ అప్పు ఇవ్వడమే. మీరు కంపెనీకి వడ్డీ కట్టి తెచ్చి, కాజాలు అమ్ముకునే ఆసామికి వడ్డీ లేకుండా ఇస్తున్నారు. ముందు అది రాబట్టండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. ఆధార్, పాన్ కార్డు ఉండాలి, రుసుము లేదు. అలా నమోదైన చిన్న తయారీదారుకు రాతలో ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని చిన్న పరిశ్రమల 2006 చట్టం చెబుతోంది. గడువు దాటించి, ఏడాది చివరి దాకా కూడా కట్టకపోతే ఆ కొనుగోలును కొన్నవాడు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేడు. మీరు కోర్టుకు వెళ్లనక్కర్లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి, మార్చి వచ్చేసరికి ఆయన ఆడిటరే ఆయనకు గుర్తు చేస్తాడు.

రెండోది, మీ పొదుపు ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి సీసీ అడగండి. మన పల్లెల్లో సీసీ అంటే వెలుగు ఆఫీసు నుంచి వచ్చే కోఆర్డినేటర్ అనుకుంటారు. నేను చెప్పేది క్యాష్ క్రెడిట్. ఒక హద్దు రాసి ఇస్తారు. అందులో మీరు ఎంత తీస్తే అంతకే, ఎన్ని రోజులు వాడితే అన్ని రోజులకే వడ్డీ. మే నెలలో తీసి, దసరా, దీపావళి అమ్మకాలు రాగానే తిరిగి వేయవచ్చు. నెలనెలా వడ్డీ మాత్రం పడేలా చూసుకోవాలి. హద్దు ఎంత ఇస్తారన్నదానికి బ్యాంకుల్లో ఒక పాత సూత్రం ఉంది, నాయక్ కమిటీ లెక్క అంటారు. ఏడాది అమ్మకాల్లో అయిదో వంతు బ్యాంకు ఇస్తుంది, ఇరవయ్యో వంతు మీరు పెట్టుకోవాలి. మీ అమ్మకాలు అయిదు లక్షలు. కాబట్టి లక్ష వరకు అడిగే హక్కు మీకు ఉంది, మీ వాటా 25 వేలు. ముద్ర పథకంలో ఇది కిశోర్ కిందికి వస్తుంది, 50 వేల నుంచి 5 లక్షల దాకా. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఇంత చిన్న అప్పుకు బ్యాంకు తనఖా అడగకూడదు.

లక్షతో పది బస్తాలు మేలోనే వస్తాయి. దసరా ముందు ధరతో పోల్చుకుంటే 20 వేలు ఆదా. పదకొండు శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ 5,500 తీసేయండి. 14,500 మిగులుతుంది, అది వచ్చే ఏడాది మీ సొంత డబ్బు. పెద్ద అంకె కాదు. కాని ఎనిమిదేళ్లుగా కదలని అరవై వేలు అలా కదలడం మొదలవుతుంది.

మేనేజరు మొదట ఒప్పుకోకపోవచ్చు. నెల వాయిదాల టర్మ్ లోన్ తీసుకోమ్మా, అదే సులువు అంటాడు. అతనికి సులువు, నేనూ అలాగే అనేవాణ్ని. సరుకు కోసం అడుగుతున్నాను, యంత్రం కోసం కాదు అని చెప్పండి. చేతిలో రెండు పుస్తకాలు ఉండాలి. ఒకటి కొన్న బస్తాలు, తేదీ, ధర. ఇంకోటి అమ్మిన పప్పు, ఎవరికి, ఎంతకు, డబ్బు ఎప్పుడు వచ్చింది. ఫోన్‌పేలో వచ్చేదంతా ఒకే ఖాతాలో పడేలా చూడండి, ఆరు నెలల స్టేట్‌మెంటే మీ తరఫున మాట్లాడుతుంది. ఆహార భద్రతా సంస్థ నమోదు కూడా చేయించండి. మీలాంటి చిన్న వ్యాపారులకు దాని రుసుము చాలా తక్కువ.

సీసీతో ఒక ప్రమాదం ఉంది. వాయిదా తరుముకు రాదు కాబట్టి చేయి జారుతుంది. దాంతో ఆడపడుచు పెళ్లి చేసినవాళ్లు నాకు తెలుసు. సంక్రాంతి వెళ్లేసరికి ఆ ఖాతా సున్నాకు రావాలి. ఆటో ఇంజను ఆగినా, ఇంకేం వచ్చినా ఆ డబ్బు పిక్కలకే. మీ ఆయనకు ఈ ముక్క ముందే చెప్పండి.

మొత్తం ముప్ఫై అయిదు బస్తాలూ వేసవిలోనే కొని పెట్టమని కూడా నేను అనను. ఆఫ్రికా పిక్క ఓడ దిగిన ఏడాది దసరాకు ధర పెరగకపోవచ్చు. పైగా మీ వైపు తుపాను సంగతి మీకు చెప్పాలా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో తోటలే కాదు, ఇళ్లలో దాచిన సరుకూ తడిసిపోయింది. సీసీ ఇచ్చేటప్పుడు సరుకుకు బీమా చేయిస్తారు. పాలసీలో సరుకు ఉన్న చోటు మీ ఇంటి చిరునామాయేనా, చదివి చూసుకోండి. వేరే చోటు రాసి ఉంటే ఆ కాగితం అక్కరకు రాదు. బాగా ఎండబెట్టిన పిక్క బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టడం మీకు నేను నేర్పాల్సిన పని కాదు.

మీ సంఘంలో జీడిపప్పు పని చేసే ఆడవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో, అలాంటి పని చేసే సంఘం సభ్యురాలికి సరుకూ చిన్న పనిముట్లూ కొనుక్కోవడానికి 40 వేల దాకా సంఘాల సమాఖ్య ద్వారా ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని మీ సంఘం పనులు చూసే యానిమేటర్‌ను అడగండి. ఆ నలభై వేలకు వారం వాయిదా లేదు, నాలుగు బస్తాలు వస్తాయి.

మీ మరిది మాటను తీసిపారేయలేను. ఆ అబ్బాయి మీ మంచి కోరే చెప్పాడు. మీరు మళ్లీ నోటు తిరగరాస్తే, వచ్చే ఏడాది కూడా ఇదే ఉత్తరం రాయాల్సి వస్తే, అప్పుడు అతని మాటే సరైనదని నేనే రాస్తాను. కాని బస్తాకు మూడు వేలు మిగిల్చే పని చేతిలో ఉన్నప్పుడు, తప్పు బట్టీలో లేదు.

బ్యాంకుకు సోమవారం వెళ్లకండి. రద్దీ ఉంటుంది, పైగా ఆ రోజు కంపెనీ మీటింగులో మీరు 910 కట్టాలి. బుధవారం పదకొండు గంటలకు వెళ్లండి. రెండు పుస్తకాలతో పాటు అర కిలో పప్పు కూడా పట్టుకెళ్లండి. లంచంగా కాదు, మీరు చేసే సరుకు ఏమిటో మేనేజరు కళ్లతో చూడాలి. మా రోజుల్లో అది చూసే సంతకం పెట్టేవాళ్లం.